పవర్ స్టీరింగ్ పైపు కారుతోందా? కొత్తది కొనే ముందు ఇది చదవండి

తెల్లవారుజామున మూడున్నరకు టమోటా లోడుతో బెంగళూరు కలాసిపాళ్యం మార్కెట్ సందులోకి బండి తిప్పినవాళ్లను అడగండి, స్టీరింగ్ మెత్తగా తిరగడం ఎంత పెద్ద విషయమో చెప్తారు. ముందు ఒక ఆటో, పక్కన మూటలు దించుతున్న లారీ, వెనకాల హారన్ కొడుతున్న ఇంకో పికప్. ఆ ఇరుకులో నిలబడిన చోటే చక్రాలు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, రెండడుగులు ముందుకు పోయి, మళ్లీ రెండో పక్కకు పూర్తిగా తిప్పి, అడుగున్నర వెనక్కి వచ్చి, అట్లా నాలుగైదు సార్లు కటింగ్ కొడితే గానీ బండి దించే చోటికి చేరదు. ఆ రోజు మా బావ అట్లా తిప్పుతుంటే ఇంజన్ వైపు నుంచి దూడ అరిచినట్టు మూలుగు మొదలైంది. స్టీరింగ్ సగం తిరిగి బిగుసుకుంది, కాస్త ఆగి వదిలింది. "ఇదేందో తేడాగా ఉంది, దిగి చూడు" అన్నాడు నాతో. ఫోన్ లైటు వేసి చూస్తే ముందు చక్రం వెనకాల నేల మీద అరచేయంత ఎర్ర మరక.

మదనపల్లె నుంచి చింతామణి, హొసకోటె మీదుగా వారానికి నాలుగు రోజులు తిరిగే బండి అది. ఆ తర్వాత దానికి ప్రెషర్ పైపు రెండుసార్లు మార్చాం. రెండోసారి మార్చినప్పుడు పైపు పగల్లేదు, కారలేదు, కొత్తదే. మొదటిసారి వేసింది ఆ పనికి తగిన పైపు కాదని ఆలస్యంగా తెలిసింది, అంతే. పికప్ మీద బతికే మనవాళ్లు బెంగళూరులో చాలామంది ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది ఇదే పొరపాటు చేస్తుంటారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. అది తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఇంజన్ బెల్టుతో తిరిగే ఒక పంపు, దానికి ఆయిల్ ఇచ్చే చిన్న డబ్బా, కింద స్టీరింగ్ బాక్స్ (కొన్ని బండ్లలో ర్యాక్), వీటిని కలిపే పైపులు, ఇంతే ఆ సిస్టమ్. డబ్బాలోని ఆయిల్‌ను పంపు లాక్కుని ప్రెషర్ పైపు గుండా స్టీరింగ్ బాక్స్‌కు తోస్తుంది, అక్కడ పని అయిపోయాక ఆ ఆయిల్ రిటర్న్ పైపు గుండా నెమ్మదిగా డబ్బాకు తిరిగి వస్తుంది. స్టీరింగ్ బాక్స్‌లో ఒక సన్నని ఉక్కు కడ్డీ ఉంటుంది. మీరు స్టీరింగ్ తిప్పుతారు, కింద టైరు నేలను పట్టుకుని కదలనంటుంది, ఆ రెండింటి మధ్య ఆ కడ్డీ పిసరంత మెలి తిరుగుతుంది. ఆ మెలికే వాల్వు దారి తెరుస్తుంది, ఆయిల్ ఆ పక్కకు పోయి పిస్టన్‌ను నెట్టి చక్రం తిప్పడానికి మీకు సాయం పడుతుంది. టైరు ఎంత మొండికేస్తే కడ్డీ అంత ఎక్కువ మెలి తిరుగుతుంది, ప్రెషర్ అంత ఎక్కువ పెరుగుతుంది. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికా ఇంజనీరు 1920ల్లోనే ఇలాంటి హైడ్రాలిక్ స్టీరింగ్ తయారుచేసి చూపించాడు, అమ్మకానికి వచ్చిన కార్లలోకి మాత్రం 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో వచ్చింది. హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న పికప్‌లలో ఈ రోజుకీ ఆ మూల సూత్రమే నడుస్తోంది. చిన్న కార్లు చాలావరకు కరెంటు మోటారు స్టీరింగ్‌కు మారిపోయాయి, వాటిలో ఆయిలూ ఉండదు, పైపూ ఉండదు. కాబట్టి నేను చెప్పేదంతా హైడ్రాలిక్ బండ్ల గురించే.

హైవే మీద నేరుగా పోతున్నప్పుడు ఆ పైపులో ప్రెషర్ పెద్దగా ఉండదు, ఆయిల్ ఊరికే తిరుగుతుంటుంది. మార్కెట్ సందులో, లోడుతో, నిలబడిన చోటే చక్రం చివరిదాకా తిప్పి పట్టుకున్నప్పుడు మాత్రం పంపు తన గరిష్ఠ ప్రెషర్‌కు చేరి, లోపల ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది. చాలా బండ్లలో ఆ గరిష్ఠం సుమారు 80 నుంచి 120 బార్ దాకా ఉంటుంది. లోడు బండి వెనక టైరులో గాలి 4 బార్ దగ్గర ఉంటుందనుకుంటే, వేలి మందం పైపు దానికి పాతిక రెట్ల ఒత్తిడిని మోస్తోందన్నమాట. పైగా రిలీఫ్ వాల్వు గుండా తిరిగే ఆయిల్ చాలా త్వరగా వేడెక్కుతుంది. అందుకే చక్రం చివరిదాకా తిప్పి ఐదు సెకన్లకు మించి అట్లాగే పట్టుకోవద్దని చెప్తారు. చివరికి తిప్పాక ఒక వేలెడంత వెనక్కి వదిలితే చాలు, మూలుగు ఆగిపోతుంది. బండి కాస్త కదులుతుండగా తిప్పే అలవాటు ఉంటే పైపుకు ఇంకా మంచిది.

పైపు చెడిపోవడానికి మొదటి కారణం వేడి. లోపల వేడి ఆయిల్, బయట పక్కనే ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టం, సైలెన్సర్ మానిఫోల్డ్. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం అవుతుందని రబ్బరు పని తెలిసినవాళ్లు ఒక మోటు లెక్క చెప్తారు. లెక్క అటూ ఇటూ అయినా రబ్బరు గట్టిపడి, పగుళ్లిచ్చి, లోపలి పొర పొట్టులా రాలడం నిజం. రెండోది ఒరిపిడి. పైపును పట్టి ఉంచే క్లిప్పు ఊడిపోతే అది ఏదో బ్రాకెట్ అంచుకు రుద్దుకుంటూ కొన్ని నెలల్లో అరిగిపోతుంది. మూడోది జనం అసలు పట్టించుకోనిది, ఇంజన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే మౌంటింగ్. మౌంటింగ్ రబ్బరు చచ్చిపోయి ఉంటే గేరు మార్చిన ప్రతిసారీ ఇంజన్ ఊగుతుంది. పంపు ఇంజన్‌కు బిగించి ఉంటుంది, స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌కు. ఆ రెండింటి మధ్య సాగేదీ మెలి తిరిగేదీ ఈ పైపే. కాబట్టి కొత్త పైపు ఏడాది తిరక్కుండానే మళ్లీ అదే చోట కారితే, ఇంకో పైపు కొనే ముందు మౌంటింగ్ చూడండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన భాగానికి వద్దాం, కారుతున్నది ఎక్కడ?

తడి కనిపించిన చోటే లీకు అనుకోవద్దు. ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది, బండి పోతున్నప్పుడు గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది, దుమ్ము పట్టి నల్లటి జిడ్డు అవుతుంది. పంపు షాఫ్టు సీలు పోయినా పైపు మీదుగానే కారి పైపు కిందే చుక్క పడుతుంది, డబ్బా కింద రిటర్న్ పైపు క్లిప్పు వదులైనా అంతే. మా బండికి మొదట చూసిన మెకానిక్ "పంపు పోయింది, మొత్తం మార్చాలి" అన్నాడు. మా పలమనేరు వైపు నుంచి వచ్చి కృష్ణరాజపురంలో షెడ్డు పెట్టుకున్న ఇంకో అన్న ఉన్నాడు, ఆయన చెయ్యి కూడా పెట్టకుండా "ముందు కడుక్కుని రా అన్నా, ఆ తర్వాత మాట్లాడదాం" అన్నాడు. నిజంగా సరైన మాట. చల్లారిన ఇంజన్ మీద పంపు నుంచి స్టీరింగ్ బాక్స్ దాకా డీగ్రీజర్‌తో శుభ్రంగా కడిగి, బట్టతో తుడిచి, ఆరాక అనుమానం ఉన్న చోటల్లా కాస్త పౌడరు చల్లాలి, మొహానికి వేసుకునే మామూలు పౌడరే. ఆల్టర్నేటర్ మీద, బెల్టు మీద నీళ్లు పడకుండా ప్లాస్టిక్ కవరు కప్పండి. డబ్బాలో ఆయిల్ మార్కు దాకా పోసి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్ నెమ్మదిగా రెండు పక్కలకూ తిప్పుతుంటే, ఇంకొకరు బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా నిలబడి టార్చితో చూడాలి.

మా బండికి అది ఎట్లా కనిపించిందంటే, ప్రెషర్ పైపులో రబ్బరు అయిపోయి ఇనుప గొట్టం మొదలయ్యే చోట ఒక మెటల్ తొడుగు నొక్కి ఉంటుంది, దాన్ని క్రింపు అంటారు. స్టీరింగ్ చివరికి చేరినప్పుడల్లా ఆ తొడుగు అంచున తెల్లటి పౌడరు మీద ఆవగింజంత ఎర్రటి చుక్క ఊరేది, వదిలితే ఆగేది, మళ్లీ తిప్పితే ఆ గింజ కాస్త లావై కిందికి జారేది. ఐదు నిమిషాల్లో తేలిపోయింది. పంపు పొడిగా ఉంది. పంపు మొత్తం మార్చి ఉంటే బోలెడంత డబ్బు పోయేది, లీకు అట్లాగే మిగిలేది.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఇంజన్ నడుస్తుండగా ప్రెషర్ పైపు వెంబడి చేత్తో తడిమి లీకు వెతకొద్దు. సూదిమొన అంత రంధ్రం నుంచి అంత ప్రెషర్‌తో వచ్చే ఆయిల్ చర్మాన్ని దూసుకుని లోపలికి పోగలదు. బయటికి చూస్తే ముల్లు గుచ్చుకున్నంతే ఉంటుంది, పెద్దగా నొప్పి కూడా అనిపించకపోవచ్చు, కానీ లోపల కండ కుళ్లిపోయే ప్రమాదం ఉంది, అదే రోజు ఆపరేషన్ చేయాల్సిన గాయం అది. అనుమానం వస్తే అట్టముక్క పట్టి చూడండి, తడి అట్ట మీద తెలుస్తుంది. ఒకవేళ చేతికి తగిలితే పసుపు రాసి ఊరుకోకుండా నేరుగా పెద్దాసుపత్రికి పోయి "హైడ్రాలిక్ ఆయిల్ ప్రెషర్‌తో లోపలికి పోయింది" అని అదే మాట చెప్పండి.

ఎర్రగా ఉన్నదల్లా స్టీరింగ్ ఆయిలేనా అంటే అదీ చూసుకోవాలి. చాలా బండ్లలో వాడే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరు బండ్ల గేరు ఆయిల్) ఆయిల్‌కు ఎర్ర రంగు కలుపుతారు, కొన్ని కూలెంట్లు కూడా ఎర్రగానో గులాబీ రంగులోనో ఉంటాయి. ఒక చుక్క గ్లాసు నీళ్లలో వేయండి. తేలితే ఆయిల్, కలిసిపోతే కూలెంట్.

సరే, పైపే పోయిందని తేలింది. మా తప్పు జరిగింది ఇక్కడే.

ఆ వారం లోడు ఆగకూడదు, చేతికి సరైన పైపు దొరకలేదు. జేసీబీలకు, క్రేన్లకు హైడ్రాలిక్ పైపులు కొట్టిచ్చే షాపుకు పాత పైపు తీసుకుపోయాం. పాత ఇనుప చివరలు కోసి, మధ్యలో ఉక్కు తీగ అల్లిన కొత్త పైపు పెట్టి, మిషన్‌లో నొక్కి అరగంటలో ఇచ్చేశారు. "దీనికి 200 బార్ కూడా లెక్క కాదు సార్" అన్నారు, అదీ నిజమే. బిగించాం, చుక్క కారలేదు, సంతోషపడ్డాం. మరుసటి రోజు నుంచి మాత్రం స్టీరింగ్ తిప్పినప్పుడల్లా జుయ్‌మని చప్పుడు, నెమ్మదిగా తిప్పితే చేతికి సన్నని వణుకు. ఎయిర్ ఉందనుకుని మూడుసార్లు తీశాం, ఆయిల్ మార్చాం, బెల్టు మార్చాం. తగ్గలేదు. చివరికి షెడ్డు అన్న పాత పైపు ముక్క తెమ్మన్నాడు, అదృష్టం కొద్దీ మా బావ పారేయకుండా సీటు వెనక పెట్టాడు. అన్న దాన్ని నిలువునా కోసి చూపించాడు. లోపల నున్నటి నల్ల రబ్బరు, దాని చుట్టూ దారం అల్లిక (ఉక్కు తీగ ఎక్కడా లేదు), దాని మీద ఇంకో రబ్బరు పొర. ఆ లోపలి రబ్బరు గొట్టంలో మళ్లీ చిటికెన వేలి కంటే సన్నని, స్ప్రింగులా చుట్టిన ఒక మెటల్ గొట్టం దాగి ఉంది. మేం చెత్త అనుకున్న పాత పైపు ముక్కలో ఉన్నది అది.

సంగతి ఏమిటంటే, పంపులో చిన్న చిన్న రెక్కలు తిరుగుతూ ఆయిల్‌ను తోస్తాయి, కాబట్టి ఆయిల్ కుళాయి ధారలా సాఫీగా రాదు, గుండె కొట్టుకున్నట్టు తోపులు తోపులుగా వస్తుంది. ఆ తోపులు నేరుగా స్టీరింగ్ బాక్స్‌ను తాకితే చప్పుడు, వణుకు. ప్రెషర్ పైపులో దారం అల్లిక ఉన్నది అందుకే. ప్రతి తోపుకూ పైపు కొంచెం ఉబ్బుతుంది, కొంచెం తగ్గుతుంది, ఆ ఉబ్బులోనే తోపు ఇంకిపోతుంది. లోపలి స్ప్రింగు గొట్టం కూడా చప్పుడు తగ్గించేదే, అందులోంచి వచ్చే అల, బయట నుంచి వచ్చే అల ఒకదాన్నొకటి చంపుకునేలా దాని పొడవు కొలిచి పెడతారు. అన్ని బండ్లలో ఈ లోపలి గొట్టం ఉండదు, కానీ ఉబ్బే గుణం మాత్రం ఈ పైపులకు ముఖ్యం. స్టీరింగ్ ప్రెషర్ పైపుకు ఎస్‌ఏఈ జే188 అని వాహన ఇంజనీర్ల సంఘం పెట్టిన, అంతర్జాతీయంగా వాడే ఒక స్టాండర్డ్ ఉంది, అది చెప్పే రకాన్ని దాని పేరులోనే 'ఎక్కువగా వ్యాకోచించేది' అన్నారు. జేసీబీ పైపు ఇంకా బలమైనదే, ఆ బలమే ఇక్కడ ఇబ్బంది. ఉక్కు తీగ ఉబ్బనివ్వదు, తోపులన్నీ యథాతథంగా అవతలికి చేరతాయి. లోడు దించే చోట చిక్కుకుని వేరే దారి లేక రెండు రోజులకు వేసుకుంటే వేసుకోండి, దాన్ని శాశ్వతం చేసుకోకండి.

క్రింపు చేయించడమే తప్పని నేను అనడం లేదు. పవర్ స్టీరింగ్ కోసం తయారైన దారం అల్లిక పైపునే పెట్టి, అదే పొడవు ఉంచి, లోపలి గొట్టం ఉంటే దాన్నీ అట్లాగే ఉంచి నొక్కిచ్చే షాపులు కూడా ఉన్నాయి. "స్టీరింగ్ పైపు వేస్తారా, హైడ్రాలిక్ పైపు వేస్తారా" అని ముందే అడగండి. పైపు మీద అచ్చు వేసిన అక్షరాలు మీ కళ్లతో చూడండి.

రిటర్న్ పైపు కథ వేరు. దానిలో ప్రెషర్ తక్కువ, మామూలు క్లిప్పులే సరిపోతాయి, దానికి ఎస్‌ఏఈ జే189 అనే వేరే స్టాండర్డ్ ఉంది. తక్కువ ప్రెషరే కదా అని షెడ్డులో పడి ఉన్న హీటరు పైపో రేడియేటర్ పైపో కోసి పెట్టేవాళ్లున్నారు. అవి ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు, నీళ్లకూ కూలెంట్‌కూ అది చాలా మంచిది, మినరల్ ఆయిల్ తగిలితే మాత్రం ఉబ్బి మెత్తబడిపోతుంది. మెత్తబడిన పైపు క్లిప్పు కింద నుంచి జారుతుంది, లేదా పొట్టు రాలి వాల్వులో ఇరుక్కుంటుంది. ఆయిల్‌కు తట్టుకునే పైపు అని అడిగి కొనండి. ఇక ప్రెషర్ పైపు మీద సైకిల్ ట్యూబు చుట్టి క్లిప్పులు బిగించడం, లీకు ఆపుతుందని చెప్పే డబ్బా మందు పోయడం, ఈ రెండూ చేయొద్దు. ఆ మందు గట్టిపడిన సీళ్లను కాస్త ఉబ్బిస్తుందేమో గానీ పగిలిన పైపును అతికించదు.

బెంగళూరులో స్పేర్ పార్టులంటే జేసీ రోడ్డు. మార్కెట్‌లో లోడు దించి నడిచి పోవచ్చు, అంత దగ్గర. పనిముట్లు కావాలంటే పక్కనే ఎస్‌జేపీ రోడ్డు. పోయేటప్పుడు పాత పైపు చేతిలో ఉండాలి, బండి ఆర్‌సీ ఫోటో ఫోన్‌లో ఉండాలి. ఒకే పేరున్న బండికి తయారైన సంవత్సరాన్ని బట్టి పైపు మారుతుంది. కౌంటర్ మీద పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడండి, మొత్తం పొడవు, రబ్బరు భాగం పొడవు, ఇనుప గొట్టం వంపులు ఏ వైపుకు తిరిగాయో, చివర నట్టు మరల (థ్రెడ్) సైజు, సీలు ఏ రకం అన్నది. చివర బ్యాంజో బోల్టు (మధ్యలో ఆయిల్ పోయే రంధ్రం ఉన్న బోల్టు) ఉంటే రెండు పక్కలా రాగి వాషర్లు, కొన్నిటికి ఓ రింగు, కొన్నిటికి గొట్టం చివరే గరాటాలా విచ్చుకుని కూర్చుంటుంది. వాషర్లు, ఓ రింగులు కొత్తవే తీసుకోండి, పాత రాగి వాషర్ ఒకసారి నలిగిపోయి ఉంటుంది, మళ్లీ అంత బాగా కూర్చోదు.

బిగించే పని నిజానికి ఈ మొత్తంలో చిన్నది. ఇంజన్ బాగా చల్లారాలి. బండి సమంగా ఉన్న చోట పెట్టి, వెనక చక్రాలకు రాళ్లు వేసి, ముందు భాగం జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టండి, జాకీ ఒక్కటే నమ్ముకుని కిందికి దూరొద్దు. డబ్బాలోని పాత ఆయిల్ పెద్ద సిరంజితో లాగేస్తే కింద పడేది తగ్గుతుంది. విప్పే ముందు పాత పైపు ఏ దారిన పోయిందో, ఏ క్లిప్పు ఎక్కడ ఉందో నాలుగు వైపుల నుంచి ఫోటో తీసుకోండి, తర్వాత ఈ ఫోటోలే మీకు దిక్కు.

గొట్టం నట్టును మామూలు ఫిక్స్ పానాతో విప్పితే మూలలు అరిగి గుండ్రమైపోతుంది. ఎస్‌జేపీ రోడ్డులో గొట్టాల కోసం ఒక పక్క తెరిచి ఉన్న రింగు పానా దొరుకుతుంది, ఆ నట్టును ఐదు పక్కలు పట్టుకుంటుంది, ఈ ఒక్క పనికైనా అది కొనుక్కోవడం మేలు. తుప్పు పట్టి ఉంటే ముందు రోజు రాత్రే నూనె స్ప్రే కొట్టి వదిలేయండి. పైపు తీశాక పంపు రంధ్రం, బాక్స్ రంధ్రం రెండూ వెంటనే శుభ్రమైన ప్లాస్టిక్‌తో మూయండి, ఇసుక రేణువు ఒక్కటి లోపలికి పోయినా వాల్వు గీసుకుపోతుంది. కొత్త పైపు పెట్టేటప్పుడు రెండు చివరల మరలూ మొదట చేత్తోనే ఎక్కించండి, చేత్తో మూడు నాలుగు చుట్లు తిరగకపోతే మర అడ్డంగా ఎక్కుతోందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. రెండూ చేత్తో ఎక్కాక, పైపును దాని దారిలో కూర్చోబెట్టి, క్లిప్పులు వేసి, అప్పుడు పానాతో బిగించండి. రబ్బరు మీద అచ్చు వేసిన గీత ఒకటి ఉంటుంది, అది బిగించాక కూడా తిన్నగా ఉండాలి. అది తాడులా మెలి తిరిగి ఉంటే పైపు మెలి తిరిగినట్టే, కొన్నాళ్లకు క్రింపు దగ్గర పోతుంది. ఎంత గట్టిగా బిగించాలన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, ఆ అంకె చూసి టార్క్ పానాతో బిగిస్తే మనసు నెమ్మదిగా ఉంటుంది. చివరగా పైపు సైలెన్సర్‌కు, బెల్టుకు, ఏ పదునైన అంచుకు తగలకుండా ఉందా అని, ఇంజన్ ఊగినప్పుడు కూడా తగలకుండా ఉంటుందా అని చూడండి. వేడి ఆపే రేకు ముందు ఉండి ఉంటే అది తప్పక మళ్లీ వేయండి. ఈ ఆయిల్ మండుతుంది, ఎర్రగా కాలుతున్న మానిఫోల్డ్ మీద చిమ్మితే బండికి నిప్పు అంటుకోగలదు.

ఆయిల్ విషయంలో షాపువాడి మాట కంటే బండిలోని స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత మీద రాసిందే నమ్మండి. చాలా పికప్‌లకు డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ చెప్తారు, కొన్నిటికి ప్రత్యేకమైన స్టీరింగ్ ఆయిల్ ఉంటుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోయొద్దు. అది పేరుకే ఆయిల్, గ్లైకాల్ జాతి ద్రవం, స్టీరింగ్ సీళ్లను పాడుచేస్తుంది. తీసిన పాత ఆయిల్ నల్లగా, మాడిన వాసనతో ఉంటే రిటర్న్ పైపును సీసాలోకి పెట్టి కొత్త ఆయిల్‌తో లోపలంతా కడగడం మంచిది, పాత పైపు రాల్చిన రబ్బరు పొడి అందులోనే తిరుగుతుంటుంది కాబట్టి. పాత ఆయిల్ దయచేసి మోరీలో పారబోయకండి. ఈ ఊళ్లో మోరీలన్నీ రాజకాలువల్లోకి (పెద్ద వాన నీటి కాలువలు), అక్కడి నుంచి చెరువుల్లోకి పోతాయి. క్యానులో పట్టి, వాడిన ఆయిల్ డ్రమ్ము పెట్టుకున్న గ్యారేజీకి ఇవ్వండి.

ఇప్పుడు ఎయిర్ తీయడం. చాలామంది తొందరపడి పాడుచేసేది ఇక్కడ. పైపు బిగించి, ఆయిల్ పోసి, వెంటనే ఇంజన్ స్టార్ట్ చేస్తే పంపు ఆ ఆయిల్‌నూ గాలినీ కలిపి చిలికేస్తుంది, మజ్జిగ నురగలా తయారవుతుంది, ఆ నురగ విరగడానికి గంటలు పడుతుంది. ఈ పంపుకు వేరే గ్రీజు లేదు, తోసే ఆయిలే దానికి గ్రీజు కూడా, కాబట్టి గాలితో తిరిగినంతసేపూ లోపల ఒరుసుకుపోతుంది. పద్ధతి ఏమిటంటే, ముందు చక్రాలు గాలిలో ఉండగా, ఇంజన్ ఆపే ఉంచి, డబ్బా నింపి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా పదిహేను ఇరవై సార్లు తిప్పండి. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు డబ్బా చూస్తుండాలి, బుడగలు వస్తాయి, ఆయిల్ దిగుతుంది, దిగిన కొద్దీ పోయాలి, అడుగు కనిపించనివ్వొద్దు. బుడగలు ఆగాక ఇంజన్ స్టార్ట్ చేసి, ఐడిలింగ్‌లోనే ఉంచి, మళ్లీ నెమ్మదిగా రెండు పక్కలకూ తిప్పండి, చివర్లో పట్టి ఉంచొద్దు. నురగ కనిపిస్తే ఇంజన్ ఆపి ఒక గంట వదిలేసి, టీ తాగి వచ్చి మళ్లీ మొదలుపెట్టండి. మాకు రెండోసారి సరైన పైపు వేసినప్పుడు ఈ ఒక్క పనికే ఒకటిన్నర గంట పట్టింది, ఒక్క నిమిషం కూడా వృథా అనిపించలేదు. ఆయిల్ మట్టానికి చల్లగా ఉన్నప్పుడు ఒక గీత, వేడిగా ఉన్నప్పుడు ఒక గీత ఉంటాయి, ఏ గీతకు ఎప్పుడు చూడాలో తెలుసుకుని చూడండి, ఎక్కువ పోస్తే మూత నుంచి పొంగుతుంది.

దారిలో పైపు పగిలితే ఏం చేయాలని మా డ్రైవర్ తమ్ముడు అడిగాడు. స్టీరింగ్ పూర్తిగా పోదు, చక్రాలకూ స్టీరింగ్‌కూ మధ్య ఇనుప బంధం అట్లాగే ఉంటుంది, సాయం మాత్రమే పోతుంది. కానీ లోడు బండి అకస్మాత్తుగా రాయిలా బరువెక్కుతుంది, మలుపులో ఉంటే చాలా భయం వేస్తుంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, స్పీడు తగ్గించి, ఎడమ పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. బానెట్ కింద పొగ వస్తుంటే బానెట్ పూర్తిగా ఎత్తొద్దు, ముందు దూరం జరగాలి. ఇంటికి పది కిలోమీటర్లే కదా అని ఆయిల్ లేకుండా నడిపితే పైపుతో పోయేది పంపుతో పోతుంది, పైగా ఆయిల్ బెల్టు మీద పడి బెల్టు జారితే ఛార్జింగూ ఆగుతుంది, ఆ బెల్టే వాటర్ పంపును కూడా తిప్పే బండి అయితే ఇంజన్ వేడెక్కుతుంది.

పని అయిన రాత్రి బండి కింద పాత న్యూస్ పేపర్ పరిచి పెట్టాం. పొద్దున మూడింటికి మా బావ చెప్పులు కూడా వేసుకోకుండా పోయి టార్చి వేసి చూసి వచ్చాడు. పేపరు పొడిగా ఉంది. అయినా వరసగా మూడు రాత్రులు పరిచాం, మొదటి లోడు తర్వాత నట్లు ఒకసారి పానా పెట్టి చూసుకున్నాం, డబ్బాలో గీత చూసుకున్నాం. మార్కెట్ సందులో ఇప్పుడు స్టీరింగ్ తిప్పితే ఇంజన్ చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. మా బావ మాత్రం చివరిదాకా తిప్పిన ప్రతిసారీ ఒక వేలెడంత వెనక్కి వదులుతున్నాడు.